పోయే రంగు

చీటీ మీద డాక్టరు రాత:
నొప్పి లేకుండా మూత్రంలో రక్తం. సీటీ యూరోగ్రామ్.
పైన పేరు, చిలువేరు మార్కండయ్య. అరవై మూడు.

నల్లకుంటలో మా సెంటరు సెల్లార్‌లో ఉంటుంది.
మే నెలలో కూడా స్వెట్టర్ తొడుక్కునే కొలువు నాది.
క్రియాటినిన్ కాగితం చూసి,
పొద్దున్నించి ఏం తినలేదు కదా అని అడిగి,
చేయి చాపమంటూ అందరికీ చెప్పే మాటే చెప్పాను:
"పెద్దాయనా, ఇందులోంచి డై ఎక్కిస్తాం."

ఆయన నవ్వాడు.
"డయ్యా? ఏం రంగు బిడ్డా?"

అప్పుడు చూశాను ఆ చేతులు.
గోళ్ళ చుట్టూ నీలం, అరచేతి గీతల్లో పసుపు.
ముప్పై ఏడేళ్ళు సుల్తాన్ బజార్ సందులో
రవికె ముక్క చూపిస్తే చాలు
దానికి సరిపోయే చున్నీ అద్ది ఇచ్చిన చేతులు.
సూది గుచ్చడం కష్టమైంది,
ఏది నరమో, ఏది నీలమో.

"మొదలు పీచుమిఠాయి రంగుండె," అన్నాడు,
డాక్టరు అడగని సంగతి నాకు చెబుతూ.
"బీట్‌రూట్ కూర తిన్ననని ఊకున్న.
మల్ల పదిరోజులు ఏం లేదు.
మొన్న బేస్తారం మాత్రం పండిన నేరేడు.
గా షేడు నేనెన్నడు కలపలే.
నొప్పైతే లేదు గద?"

నొప్పి లేకపోవడమే భయమని
నేను అనలేదు.

బల్ల లోపలికి వెళ్ళింది.
మొదటిసారి డై లేకుండా తీస్తాం,
రాయి ఉంటే అందులోనే తెలిసిపోతుంది.
రాయి ఉండాలని మొక్కుకున్నాను.
ఇలాంటి మొక్కులు ఈ ఉద్యోగంలోనే నేర్చుకున్నాను.
రాయి లేదు.

మైకులో చెప్పాను:
ఇప్పుడు ఒళ్ళంతా వేడెక్కుతుంది, నోట్లో ఇనుము రుచి,
బట్టల్లోనే అయిపోయినట్టు అనిపిస్తుంది,
కాలేదు, భయపడకండి.
గాజు అవతలి నుంచి గొంతు:
"తెలుసు బిడ్డా, రంగు పట్టాల్నంటె
ముందుగాల నీళ్ళు కాగాలె."

శ్వాస బిగబట్టండి.

వదలండి.

తర్వాత పది నిమిషాలు ఊరికే ఉండాలి,
డై మూత్రపిండాలు దాటి దిగే దాకా.
లోపలికి వెళ్ళి దుప్పటి కప్పాను.
ఆయన కళ్ళు నా చున్నీ మీద.
"ఎక్కడ అద్దిచ్చినవ్? ఉప్పు తక్కువేసిండు.
మూడు ఉతుకులకు ఎలిసిపోతది."
రెండో ఉతుకుకే వెలిసింది, నిజానికి.
షాపు పేరు చెప్పాను.
"వాడు నా దగ్గర్నే నేర్చుకున్నడు,"
అని కళ్ళు మూసుకున్నాడు.

ఆఖరి స్కాన్.
మా తెర మీద రంగులుండవు, అన్నీ బూడిద ఛాయలే.
రెండు వైపులా మూత్రపిండాలు వెలిగాయి.
నూలుపోగుల్లాంటి గొట్టాల వెంట తెలుపు జారింది.
అడుగున సంచి నిండింది, సున్నపునీళ్ళలా.
ఎడమ గోడ దగ్గర ఒక్కచోట
తెలుపు అంటలేదు.
సెనగ గింజంత.
దారం బిగించి ముడేసిన చోట
బట్టకు రంగు పట్టదు చూశారా,
బాంధనీ చున్నీలో చుక్క,
అలా.

ముందుకీ వెనక్కీ తిప్పి చూశాను.
కొలత గీశాను. పదకొండు మిల్లీమీటర్లు.
చెప్పే అధికారం నాకు లేదు, మేడమ్ చూడాలి, సంతకం కావాలి.
నా ముఖానికి ఎనిమిదేళ్ళ ట్రైనింగ్ ఉంది,
దాంతోనే లోపలికి వెళ్ళాను.

దూది నొక్కుతుంటే అడిగాడు,
"గీ రంగు ఎప్పుడు పోతది?"
నీళ్ళు బాగా తాగండి, రాత్రికల్లా పోతుంది అన్నాను.
దూది మీది చుక్కను కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు,
గిరాకీ తెచ్చిన ముక్కను చూసినట్టు.
"పోయే రంగు నేనెన్నడు ఎయ్యలే బిడ్డా."

రిపోర్టు రేపు సాయంత్రం ఐదుకి.
"నువ్వుంటవా?"
రేపు నాకు సెలవు.
ఉంటానన్నాను.

మెట్ల దగ్గర రెయిలింగ్ పట్టుకుని ఆగాడు.
"గా చున్నీ గూడ తీస్కరా.
ఉప్పేసి మల్ల ముంచి ఇస్త."